మీటరు కదలని నడక

మా అడుగులక్కకు కాలు ఒకచోట నిలవదు. టీ తాగుతూ తిరుగుతుంది, ఫోనులో మాట్లాడుతూ తిరుగుతుంది. నేను ఏదైనా ముఖ్యమైన సంగతి చెబుతుంటే సగంలో లేచి వెళ్ళి, పెట్టెలోంచి పాత చెప్పు ఒకటి తీసి నేలకేసి రెండుసార్లు కొట్టి చెవి ఒగ్గి వింటుంది. పద్దెనిమిదేళ్ళుగా రికార్డింగు గది అద్దానికి ఇవతల నేను, అవతల ఆవిడ. ఇన్నేళ్ళలో ఆవిడ కుదురుగా కూర్చోగా చూసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నాకు అసలే ఓపిక తక్కువ. "అక్కా, కాసేపు కూర్చుంటే అరిగిపోతావా?" అని విసుక్కుంటాను. "నేను కూర్చుంటే నీకు పనేముంది, అద్దంలో పెద్దమనిషీ" అంటుంది తిరుగుతూనే.

ఆవిడ పని నడవడం. తెర మీద ఎవరు నడుస్తుంటే వాళ్ళకు బదులు ఆవిడ నడుస్తుంది. సినిమా తీసేటప్పుడు మైకు మాటల్ని పట్టుకుంటుంది గానీ కాళ్ళను పట్టించుకోదు. పైగా ఆ సినిమా వేరే దేశానికి వెళ్ళాలంటే అక్కడి భాషలో మాటలు పెట్టడానికి ఇక్కడి మాటలన్నీ తీసేస్తారు. మాటలతోపాటు వాటి కింద ఉన్న అడుగులు, తలుపులు, గ్లాసులు, బట్టల రెపరెపలు కూడా ఊడ్చిపెట్టుకుపోతాయి. సంగీతం ఒక్కటే మిగులుతుంది. అలా బోసిపోయిన సినిమా మా గదికి వస్తుంది. అక్క తెర వైపు చూస్తూ పోయిన చప్పుళ్ళన్నీ మళ్ళీ పుట్టిస్తుంది, నేను అద్దం వెనక కూర్చుని వాటిని రికార్డు చేస్తాను. ఆ గదిలో నేల ఒక్కటి కాదు. ఒక గుంటలో ఇసుక, ఒకదాంట్లో కంకర, పక్కనే చెక్క పలక, పాలరాయి, సిమెంటు గచ్చు. గోడ వెంట తొంభై జతల చెప్పులూ బూట్లూ. రాణిగారి జోళ్ళయినా దొంగ బూట్లయినా వాటిలో దూరేవి అక్క కాళ్ళే.

ఏయే దేశాల సినిమాలకు నడవలేదు ఆవిడ. ఒక దేశం వాళ్ళకు వీధి గోల ఎంత పోసినా చాలదు, ఇంకా హారన్లు వెయ్యమంటారు. ఇంకొకళ్ళు వీధిలో కుక్క మొరిగినా మొహం చిట్లిస్తారు. కొందరికి భోజనం సీనులో నమలడం, జుర్రడం అన్నీ వినబడాలి, లేకపోతే తిండి రుచిగా లేదనుకుంటారట. కొందరి దగ్గర పదిమంది భోంచేస్తున్నా చెంచా కంచానికి తగలకూడదు. తల్లి పోయిన సీనుకు ఒకచోట నలభై వయొలిన్లు ఏడుస్తాయి, మరోచోట సంగీతం మొత్తం ఆపేసి వంటింట్లో కారుతున్న కొళాయి వినిపించి వదిలేస్తారు. డబ్బున్నవాళ్ళ తలుపు మెత్తగా, బరువుగా మూసుకుంటుంది. లేనివాళ్ళ తలుపు కిర్రుమనక తప్పదు. ఇవన్నీ ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ప్రతివాడికీ తెలుసు.

ఇన్ని తేడాలున్నా ఒక్క సంగతిలో మాత్రం మా దగ్గరకొచ్చిన అన్ని దేశాలదీ ఒకటే మాట. పనిమనిషి కాళ్ళకు చప్పుడుండదు. ట్రే పట్టుకుని వస్తుంది, పెడుతుంది, పోతుంది. మా చేతికొచ్చే చప్పుళ్ళ జాబితాలో అయ్యగారి బూట్లుంటాయి, అమ్మగారి ఎత్తు మడమలుంటాయి, వాళ్ళ కుక్క గోళ్ళు కూడా ఉంటాయి. పనిమనిషికి ఎదురుగా గడి ఖాళీ. సంగీతం కూడా ఆమె మీద వాలదు. వాలినా నవ్వులాటకు ఓ బూర కూస్తుంది, అంతే. ఈ సంగతి కనిపెట్టడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. అక్క మొదటి రోజే చూసిందట. ఎవరితోనూ అనలేదు.

ఎందుకు చూసిందంటే, వాళ్ళమ్మ ముప్పై నాలుగేళ్ళు ఒకే పెద్దింట్లో పని చేసింది. వెనక గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళితే సాయంత్రం దాకా ఆ మనిషి ఉన్నట్టు ఎవరికీ తెలిసేది కాదు. "మా ఇంట్లో పనిమనిషి ఉందన్న సంగతే తెలీదండీ" అని ఆ ఇంటావిడ వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పుకునేది. అదొక మెచ్చుకోలు. అక్క చిన్నప్పుడు బడి కాగానే ఆ ఇంటి వెనక మెట్ల కింద కూర్చునేది. దగ్గకూడదు, పాఠం పైకి చదవకూడదు. ఊసుపోక పైన ఎవరు నడుస్తున్నారో అడుగుల్ని బట్టి పోల్చుకునేది. "అందర్నీ పట్టేసేదాన్ని తమ్ముడూ, ఒక్క మా అమ్మను తప్ప. ఎదురుగా వచ్చి నిలబడేదాకా తెలిసేది కాదు" అని ఒకసారి నాతో అంది.

ఆ అమ్మకు ఇప్పుడు డెబ్భై ఐదేళ్ళు. నేను పెద్దమ్మా అంటాను. రెండు గదుల ఇంట్లో తల్లీకూతుళ్ళిద్దరే ఉంటారు. అక్క మొగుడికి మరో ఊళ్ళో మరో సంసారం ఉంది, ఆ మాట ఆవిడ ఎత్తదు, నేనూ ఎత్తను. పెద్దమ్మ పని మానేసి పదేళ్ళయినా నడక మారలేదు. అక్క పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగితే జానెడు దూరంలో నిలబడి ఉంటుంది. అక్కకు గుండె ఆగినంత పనవుతుంది.

రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున అక్క ముందుగదిలో కూర్చుని బూట్లకు ఊడిపోయిన కింది అట్టలు అతికిస్తోంది. మధ్యలో గోడ ఒక్కటే. అవతల స్నానాలగదిలో పెద్దమ్మకు షుగర్ పడిపోయింది. ఒక్కసారిగా కూలబడలేదట. చేతిలో ఉన్న మగ్గు దొర్లిపోకుండా పక్కన పెట్టి మరీ, గోడ పట్టుకుని మెల్లగా జారి కూర్చుంది. ముప్పావుగంట అలాగే ఉంది. మంచినీళ్ళకు లేచిన అక్క చూసేసరికి ఒళ్ళు చల్లబడి, చెమటలు కారుతూ, కళ్ళు తేలేసి ఉంది. ఆసుపత్రిలో తేరుకున్నాక అక్క అడిగింది.

"ఎందుకు పిలవలేదమ్మా?"

"నువ్వు పని చేసుకుంటున్నావు కదా."

డాక్టరు ఏదీ దాచలేదు. మందులు కుదుటపడేదాకా ఇలా మళ్ళీ మళ్ళీ వస్తుంది, చెమట పట్టినా కళ్ళు తిరిగినా ఆ క్షణమే చెప్పాలి, నోట్లో తీపి పడాలి, ఇంకో పావుగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదు అన్నాడు. మర్నాడు పనికొచ్చిన అక్క చెప్పులు వేసుకోలేదు. ఇసుక గుంట చుట్టూ తిరుగుతూ, "అద్దానికవతల నువ్వు గుటక మింగితే చెబుతాను తమ్ముడూ నేను. గోడకవతల మా అమ్మ పోతుంటే వినబడలేదు" అంది.  మైకు సరిచేస్తున్నట్టు నటించాను.

ఇక అప్పటినుంచి ఆవిడ తిరుగుడు రెట్టింపయింది. అమ్మకు పిలవడం నేర్పాలి. ఈసారి కళ్ళు తిరిగినప్పుడు పెద్దమ్మ నోరు తెరవకపోతే అక్కకు అమ్మ ఉండదు. నానా తంటాలు పడింది. చేతికి ఒక గంట ఇచ్చింది. పట్టుకు తిరిగేటప్పుడు మోగుతోందని పెద్దమ్మ దాని నాలుకకు గుడ్డపేలిక చుట్టేసింది. టకటకలాడే చెక్క చెప్పులు కొనిచ్చింది. వాటిని చేత్తో పట్టుకుని నడిచింది. ఫోనిస్తే, మోగితే ఎవరికి ఇబ్బందో ఏమోనని దాని నోరు నొక్కేసి దిండు కింద పెట్టింది. పక్కింటావిడను తోడు కూర్చోబెడితే ఆవిడకు టీ పెట్టిచ్చి, ఆవిడ కునికితే దుప్పటి కప్పింది. చివరికి అక్క, "నా కళ్ళ ముందే ఉంటుంది" అని తనతోపాటు స్టూడియోకు తీసుకొచ్చి, మైకుకు పదడుగుల దూరంలో, మూలగా, చేతుల కుర్చీలో కూర్చోబెట్టింది.

అప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. ఆ గదిలోకి కొత్తవాళ్ళెవరొచ్చినా చెప్పేదే పెద్దమ్మకూ చెప్పాను. "పెద్దమ్మా, పైన ఎర్ర దీపం వెలిగిందంటే చీమ చిటుక్కుమనకూడదు. దగ్గొచ్చినా మింగెయ్యాలి." పెద్దమ్మ మొహం విప్పారింది. తనకు బాగా వచ్చిన పని చెప్పారన్న సంతోషం అది. "అలాగే బాబూ" అంది. నోరు తెరవడం నేర్పాలని తెచ్చిన మనిషికి నోరు మూసుకొమ్మని నేను పాఠం చెబుతుంటే అక్క పక్కనే నిలబడి తలూపింది. ఇద్దరికీ తట్టలేదు. పద్దెనిమిదేళ్ళ అలవాటు మరి.

అప్పుడు మా చేతిలో ఉన్న సినిమా ఒక పెద్దింటి కథ. ఇల్లు కూలిపోతున్నా ఇంటావిడ విందులు ఆపదు, అదీ సంగతి. విదేశాలకు వెళుతోంది కాబట్టి మొత్తం చప్పుళ్ళన్నీ కొత్తగా చెయ్యాలి. అందులో ఒక పనిపిల్ల ముప్పై ఎనిమిది సీన్లలో కనిపిస్తుంది. జాబితాలో ఆమెకున్న చప్పుడు ఒక్కటే, ఒకచోట ప్లేటు జారి పగలడం. డైరెక్టరు ముప్పై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు, అందర్నీ మీరు అంటాడు. మొదటి రోజంతా నా వెనకే కూర్చున్నాడు.

తెర మీద పనిపిల్ల ట్రేతో రాగానే మూలనుంచి పెద్దమ్మ మెల్లగా అంది. "ఆ పిల్ల అలా నడిస్తే రెండో రోజే మానిపించేస్తారు."

దీపం వెలగలేదు కాబట్టి మాట్లాడిందన్నమాట. అక్క గిరుక్కున తిరిగింది. "ఏం, ఎలా నడవాలి?"

"మడమ ముందు పెడుతోంది. మునివేళ్ళు ముందు పెట్టాలి, అదీ బయటి అంచు. ట్రే దించేటప్పుడు కింద చిటికెనవేలు పెట్టి, దాని మీద దించి, ఆ తర్వాత వేలు లాగెయ్యాలి. అప్పుడు బల్లకు కూడా తెలీదు."

"ఒకసారి నడువమ్మా" అంది అక్క. జాబితాలో లేదు కదా అని నేను గొణిగాను. వినిపించుకోలేదు. పెద్దమ్మ లేచి పాలరాయి మీదకు వచ్చింది. దీపం వెలిగించాను. తెర మీద పిల్ల నడిచింది, కింద పెద్దమ్మ నడిచింది. నా ముందున్న, చప్పుడు కొలిచే మీటరు కదల్లేదు. మైకు చెవి పెంచాను. ఇంకా పెంచాను. నా కుర్చీ మూలుగు అద్దం దాటి వెళ్ళి నా చెవిలోనే పడింది. అక్క కడుపులో ఆకలి పేగు అరిచింది, అది కూడా విన్నాను. పెద్దమ్మ అడుగు వినబడలేదు. పదకొండు అడుగులు వేసింది. కళ్ళతో చూశాను కాబట్టి చెప్పగలుగుతున్నాను.

డైరెక్టరు ముందుకు వంగాడు. "నాకు కావలసింది సరిగ్గా ఇదేనండీ" అన్నాడు.

"ఇందులో ఏముంది? ఏమీ లేదు" అంది అక్క లోపలినుంచి.

"అదే కదా. ఆమె వచ్చి వెళ్ళినట్టు తెలియకూడదు. చూసేవాళ్ళ దృష్టి ఆమె మీదకు పోతే ఇంటావిడ సీను పోతుంది."

అతను చెడ్డవాడు కాదు. తన సినిమా గురించి తనకు తెలిసింది చెప్పాడు. అక్కకు మంట పుట్టించింది అతని మాట కాదు, పెద్దమ్మ నవ్వు. "చూశావా, డైరెక్టరుగారు బాగుందన్నారు" అంది కూతురితో, కుర్చీలోకి వెళ్ళి కూర్చుంటూ. అక్క తలుపు తోసుకుని బయటికెళ్ళి వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆ తిరుగుడు నాకు గోడలోంచి వినబడుతూనే ఉంది.

మూడో రోజు. తెర మీద ఇంటావిడ తెల్లవారుజామున తివాచీ మీద ఉత్త కాళ్ళతో నడవాలి. చాలా చిన్న చప్పుడు, అందుకని మైకు చెవి బాగా పెంచాను. అక్క కళ్ళు తెర మీద, వీపు పెద్దమ్మ వైపు. నా హెడ్‌ఫోన్లలో అడుగుల వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టు వినబడింది. ఆపి, లోపలి స్పీకరులో చెప్పాను. "అక్కా, ఊపిరి మైకులో పడుతోంది. కాస్త బిగబట్టు." రెండోసారి కూడా అదే. ఇంకా ఎక్కువయింది. నాకు చిరాకెత్తింది. "ఏంటక్కా ఇది, వయసు మీద పడిందా? ఊపిరి ఆపుకోమంటున్నానా లేదా?" మూడోసారి మొదలుపెట్టాం. ఈసారి ఊపిరి లేదు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో తెగిన దారంలాంటి చిన్న ఎగశ్వాస ఒకటి వచ్చింది.

"నేను మొదటినుంచీ బిగబట్టే ఉన్నాను" అంది అక్క, తెర మీద నుంచి కళ్ళు తియ్యకుండానే. ఆ మాట అంటుండగానే ఇద్దరం మూలకు తిరిగాం.

పెద్దమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని పట్టుకుని ఉంది. మెడ దగ్గర బట్ట తడిసి ఒంటికి అంటుకుపోయింది. పెదవులు లోపలికి మడిచి పళ్ళతో నొక్కి పట్టింది.

అద్దం ఇవతల నుంచి లోపలికి ఎలా వెళ్ళానో నాకు గుర్తులేదు. అక్క చక్కెర నీళ్ళు పట్టింది, నేను అట్టముక్కతో విసిరాను. పది నిమిషాలకు ఆవిడ కళ్ళు నిలిచాయి. మొదట నా వైపే చూసింది.

"ఎర్ర దీపం వెలుగుతోంది కదా బాబూ. ఊపిరి వినబడుతోందని మీరు అన్నారు. అందుకని ఆపుకున్నాను."

నాకు తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్ళుగా చెవులతో బతుకుతున్నవాణ్ణి, ప్రాణం పోతున్న మనిషి ఊపిరిని మైకులో పడ్డ చెత్త అనుకుని ఆపుకోమన్నాను. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు, పోవాలని కూడా లేదు.

అక్కకు కోపం నషాళానికంటింది. "చచ్చిపోతావా? ఎవరిదో సినిమా పాడవుతుందని చచ్చిపోతావా?" అని అరిచింది.

"అరవకే. బయట ఎవరైనా వింటారు."

"విననీ. నోరు తెరిచి ఒక్క మాట పిలిస్తే ఏం పోతుందమ్మా?"

 "నాకు పిలవడం రాదే" అంది పెద్దమ్మ గ్లాసులోకి చూస్తూ. "ఆ ఇంట్లో పిలిచేది వాళ్ళు, వెళ్ళేది నేను. ముప్పై నాలుగేళ్ళూ అంతే. నేను పిలిస్తే ఎవరొస్తారు?"

"నేనొస్తాను."

"నువ్వు పనిలో ఉంటావు."

అక్క ఆ గ్లాసు అందుకుని కింద పెట్టింది. ఆ ఆదివారం పనిలోనే కదా ఉంది. ఆ రోజుకు పని ఆపేశాం. మర్నాటినుంచి పెద్దమ్మ కుర్చీని నాకు ఎదురుగా, అద్దం పక్కకు జరిపించాను. మీటరు కంటే ఆవిడనే ఎక్కువ చూశాను. అలా ఎన్నాళ్ళు చూడగలం, ఎంతమందిమి చూడగలం, ఆ ఇంట్లో ఎవరు చూస్తారు అని లోపల పీకుతూనే ఉంది.

అయిదో రోజు ప్లేటు పగిలే సీను వచ్చింది. పగలగొట్టడానికి మా దగ్గర పాత పింగాణీ ప్లేట్లు ఒక దొంతర ఉంటాయి. అక్క ఒకటి తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టింది. "దీనికి జాబితాలో గడి ఉంది. ఇది నువ్వే చెయ్యి. ఏం లేదు, వదిలెయ్యడమే."

దీపం వెలిగింది. తెర మీద పిల్ల చేతిలోంచి ప్లేటు జారింది. పెద్దమ్మ నడుం వంచి, చిటికెనవేలు కింద పెట్టి, ప్లేటును గచ్చు మీద దించి, వేలు లాగేసింది. నాకు నవ్వొచ్చింది. రెండోసారి నడుం ఎత్తునుంచి వదిలింది గానీ రెండో చేత్తో పట్టేసుకుంది. మూడోసారి ఆ చెయ్యి తెరుచుకోనే లేదు. వేళ్ళు ప్లేటుకు బిగుసుకుపోతే నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఎప్పుడూ ఒక్కటి కూడా పగలగొట్టలేదా అమ్మా?"

"ఒక కప్పు. చేరిన మొదటి నెలలో."

"తిట్టారా?"

"లేదు. ఆవిడ వచ్చి నిలబడింది. నేను ముక్కలన్నీ ఏరేదాకా చూస్తూ నిలబడింది. తిట్టినా బాగుండేది."

నాలుగోసారి ప్లేటు నిజంగా పడింది. భళ్ళుమంది. ముక్కలు ఇంకా దొర్లుతుండగానే పెద్దమ్మ గొంతు వచ్చింది. "తప్పయిపోయిందమ్మగారూ, చూసుకోలేదు." ఎవరికి చెప్పిందో ఆవిడకే తెలియదు. తెర వైపు తిరిగి, అక్కడున్న బొమ్మ ఇంటావిడకు చెప్పినట్టు చెప్పింది. మాట పడితే రికార్డు చేసిన ఆ టేకు పనికిరాదు, మేం ఇచ్చేదాంట్లో ఏ భాషా ఉండకూడదు. ఆ సంగతి స్పీకరులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. అక్కే ఇంకో ప్లేటు తెచ్చి ఇచ్చింది. అయిదోసారి పెద్దమ్మ ప్లేటు వదిలేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. సినిమాలో ఉన్నది ఆ టేకే.

దీపం ఆరగానే పెద్దమ్మ కిందికి వంగబోయింది. అక్క ఆపి, తనే గచ్చు మీద గొంతుక్కూర్చుని ముక్కలన్నీ ఏరింది. ఒక్కటి కూడా మిగల్చలేదు. పెద్దమ్మ పక్కన నిలబడి చూసింది. ఏమనుకుందో తెలియదు గానీ, ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు నాతో, "ప్లేటు పగిలితే అంత చప్పుడవుతుందా బాబూ" అంది.

తొమ్మిదో రోజుతో పని పూర్తి కావాలి. ఆఖరి సీను ఎడతెగని నాలుగు నిమిషాల నడక. ఇంటావిడ ఇల్లంతా ఒక్కసారి చుట్టి, మెట్లు దిగి, తోటలోంచి గేటు దాకా వెళుతుంది. సంగీతం లేదు, మాటల్లేవు, ఉత్త అడుగులే. సినిమా అంతా ఆ అడుగుల మీదే నిలబడాలి. అక్క పాలరాయి నుంచి చెక్కకు, చెక్క నుంచి గచ్చుకు, గచ్చు నుంచి కంకరకు లంఘించాలి, తాళం తప్పకూడదు. డైరెక్టరు కూడా వచ్చి నా వెనక నిలబడ్డాడు. మొదటిసారి రెండో నిమిషంలో పిక్క పట్టేసింది. రెండోసారి బూటు మడమ ఊడింది. అక్కకు యాభై రెండేళ్ళు, రొప్పుతోంది. అయినా కూర్చోదు. "కానీ" అంది.

మూడోసారి మొదలైన కాసేపటికే నా వెన్ను నిటారుగా అయింది. నా పద్దెనిమిదేళ్ళలో అలాంటి నడక వినలేదు. ఆ అడుగుల్లో ఆ ఇల్లంతా ఉంది, ఇంటావిడ బింకం ఉంది, ఆ బింకం కింద భయం ఉంది. మూడు నిమిషాలు దాటింది. కంకర మీదకు దిగింది. ఇంకో ఇరవై సెకన్లు. డైరెక్టరు ఊపిరి బిగబట్టాడు, నేనూ బిగబట్టాను. అద్దం పక్కన కుర్చీలో పెద్దమ్మను చూడటం, కుర్చీ జరిపించాక మొదటిసారి, మరిచిపోయాను.

"అమ్మాయీ."

మీటరు కొంచెం కదిలింది. అక్క కాలు కంకర మీద ఆగలేదు, ఇంకో అడుగు పడింది.

"అమ్మాయీ, ఇలా రా."

ఈసారి మీటరు ఎర్రగీత దాటింది. అక్క గుంటలోంచి ఒక్క గెంతు గెంతింది. ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. దారిలో ఉన్న పెట్టె తన్నుకుని ప్లేట్లన్నీ గలగలమన్నాయి. తెర మీద ఇంటావిడ మాత్రం అడుగుల్లేకుండానే గేటు దాకా నడుచుకుంటూ పోయింది. నా వెనక డైరెక్టరు, "ఇరవై సెకన్లండీ, ఇంకో ఇరవై సెకన్లు" అంటున్నాడు. కూర్చోండి అన్నాను. నేను అంత కటువుగా అంటానని అతను అనుకోలేదు, కూర్చున్నాడు.

లోపల మైకు తెరిచే ఉంది, అంతా వినబడుతోంది. అక్క మోకాళ్ళ మీద కూలబడి చక్కెర పొట్లం విప్పుతోంది. తొందరలో సగం నేలపాలయింది. వాళ్ళమ్మ మెడ తడిమింది, అరచేతులు తడిమింది.

"చెమట లేదే. ఒళ్ళు వెచ్చగానే ఉంది. కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదు."

"దడగా ఉందా?"

"లేదే. బాగానే ఉన్నాను."

"మరి?"

పెద్దమ్మ కూతురి కాళ్ళ వైపు చూసింది, ఒక బూటు వైపు, ఒక ఉత్త పాదం వైపు. తప్పు చేసినట్టు లేదు ఆ మొహం. కాస్త సిగ్గుపడుతున్నట్టుంది.

"పిలిస్తే వస్తావో రావో చూద్దామని" అంది.

 అక్క పాడైన టేకు సంగతి గానీ, ఇరవై సెకన్ల సంగతి గానీ ఎత్తలేదు. చక్కెర అంటిన చేతులతోనే వాళ్ళమ్మ ఒళ్ళో తలపెట్టి, నేల మీద కుదురుగా కూర్చుంది. ఇవతల నాకు కళ్ళు కనబడలేదు. డైరెక్టరుకు ఏం అర్థమైందో గానీ వాచీ చూడటం మానేశాడు.

"వచ్చావు" అంది పెద్దమ్మ, కూతురి జుట్టు సరిచేస్తూ. "పనిలో ఉండి కూడా వచ్చావు."

"వస్తానన్నాను కదా."

 తర్వాత పెద్దమ్మ, "ఇంకోసారి పిలవనా?" అని అడిగింది.

అక్క లేచి, రెండో బూటు కూడా విప్పేసి, గదిలో అన్నిటికంటే దూరంగా ఉన్న మూలకు వెళ్ళి నిలబడింది.